ఎంజీబీ రోడ్‌స్టర్: పన్నెండేళ్లు నడిపాక

ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొనాలనుకునేవాళ్లు నన్ను మొదట ఇంజన్ గురించే అడుగుతారు. నేను మాత్రం ముందు తలుపుల కింద చేయి పెట్టి చూడమంటాను. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు 2,800 పౌండ్లు ఖర్చయింది.

2013లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఒకాయన నుంచి 1972 మోడల్ రోడ్‌స్టర్‌ను 8,200 పౌండ్లకు కొన్నాను. అద్దంలా మెరిసే ఎర్ర రంగు, క్రోమ్ బంపర్లు, చువ్వల చక్రాలు. ఉద్యోగం కోసం ఈ ఊరికి వచ్చినప్పటి నుంచీ మనసులో ఉన్న కారు అది. పక్కనే ఉన్న అబింగ్డన్‌లో, 1980లో మూతపడిన ఎంజీ కర్మాగారంలోనే పుట్టింది. కొన్న రోజు దాని చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. చూడవలసినది మాత్రం చూడలేదు.

అంతకు ముందు వచ్చిన ఎంజీఏకు విడిగా ఛాసిస్, అంటే బరువు మోసే కింది చట్రం, ఉండేది. 1962లో వచ్చిన ఎంజీబీకి అది లేదు, బాడీయే బరువంతా మోస్తుంది. రోడ్‌స్టర్‌కు గట్టి పైకప్పు కూడా ఉండదు కాబట్టి తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా సాగే రేకు పెట్టెలే దానికి వెన్నెముక. వీటిని సిల్స్ అంటారు. ఇవి లోపల పుచ్చితే కారు నడుము వంగుతుంది. అప్పుడు తలుపుకూ దాని వెనుక రేకుకూ మధ్య సందు పైన సన్నగా, కింద వెడల్పుగా కనిపిస్తుంది. నా కారులో ఆ తేడా మొదటి రోజు నుంచీ ఉంది. రంగు చూసి మురిసిపోయిన నా కంటికి అది ఆనలేదు.

రెండో ఏడు ఎంఓటీలో, అంటే కారు రోడ్డు మీద నడపడానికి తగినదేనా అని ఇక్కడ ఏటా చేసే పరీక్షలో, విషయం బయటపడింది. పాత తుప్పు మీదే కొత్త రేకు అతికించి, లప్పం పూసి, రంగు కొట్టేశారు. రెండు వైపులా కోసి, బాడీ వంగకుండా ఊతాలు పెట్టి, లోపలి రేకులతో సహా కొత్తవి వెల్డింగ్ చేయించాను. ఆ రోజుల్లో చాలా బాధపడ్డాను, అమ్మేద్దామనీ అనుకున్నాను. ఆపింది ఒకటే, విడిభాగాలు దొరికే తీరు. ఈ కార్లు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. విట్నీలోని బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ పాత కర్మాగారపు అచ్చులతో ఇప్పటికీ రేకులు తీస్తోంది, కావాలంటే మొత్తం బాడీ కూడా ఇస్తుంది. యాభై ఏళ్లు దాటిన కారుకు రబ్బరు వాషరు దగ్గర నుంచి అన్నీ రెండు రోజుల్లో ఇంటికి రావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఇక ఇంజన్. 2016 వేసవిలో నాన్న వచ్చారు. తెనాలిలో ఇరవై ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపిన మనిషి. బానెట్ ఎత్తగానే, "ఇది మన అంబాసిడర్ ఇంజనే కదమ్మా!" అన్నారు. నిజమే. పాత పెట్రోల్ అంబాసిడర్‌లో 1,489 సీసీ, ఇందులో 1,798 సీసీ, రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బి-సిరీస్ ఇంజన్ల కుటుంబమే. కాసేపు చెవి ఒగ్గి విని, ట్యాపెట్లు వదులయ్యాయన్నారు, అంటే వాల్వుల దగ్గర సందు పెరిగిందని. ఇంజన్ చల్లారాక పైమూత విప్పి, దాన్ని మెల్లగా తిప్పుతూ లెక్క చెప్పారు. ఎనిమిదో వాల్వు పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఒకటోది సరిచేయాలి. ఏడోది నొక్కుకుంటే రెండోది. రెండు అంకెలూ కలిపితే తొమ్మిది రావాలి. 0.015 అంగుళం మందమున్న కొలత బ్లేడు సందులో పెట్టి నా వేళ్లతోనే లాగించారు. "పట్టీ పట్టనట్టు జారాలమ్మా." మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ టకటక పోయి కుట్టుమిషన్ నడిచినట్టు వినిపించింది. అప్పటి నుంచి ఆ పని నేనే చేసుకుంటున్నాను.

వేగం కోసం దీన్ని కొనకండి. 95 గుర్రాల శక్తి ఈ రోజుల్లో ఎంత! కానీ ఉఫింగ్టన్ తెల్లగుర్రం కొండ కింద మెలికలు తిరిగే దారిలో, టాప్ మడిచి, గంటకు నలభై మైళ్ల వేగంతో పోతే చాలు. కోసిన గడ్డి వాసన, రెండు కార్బురేటర్లు గాలి పీల్చే చప్పుడు, చేతికి నేరుగా తెలిసే రోడ్డు. మోటార్‌వే మీద ఓవర్‌డ్రైవ్, అంటే అదే వేగానికి ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చే అదనపు గేరు, తప్పనిసరి అంటాను. డెబ్బై మైళ్ల దగ్గర నిమిషానికి 3,900 సార్లు తిరిగే ఇంజన్ అది వేయగానే 3,200కు దిగి, మాట్లాడుకోవడానికి వీలవుతుంది. అది లేని కారు ఎంత చవకగా వచ్చినా నేనైతే వదిలేస్తాను.

కష్టాలూ చెప్పాలి. క్లచ్ మార్చాలంటే ఇంజన్ బయటికి తీయాల్సిందే, మిగతా ఖర్చులన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్లకు మూడు వేల మైళ్లకోసారి గ్రీజు కొట్టకపోతే అరిగి స్టీరింగ్ బిగుస్తుంది. వెనుక చక్రం దగ్గరుండే పెట్రోల్ పంపు తాళం తిప్పగానే టిక్ టిక్ అనాలి. ఒకసారి వానలో అది మూగబోయింది. స్పానరు పిడితో మెల్లగా తట్టి ఇల్లు చేరాను, తరువాత ఎలక్ట్రానిక్ పంపు వేయించాను. 2021లో ఇక్కడి బంకుల్లో మామూలు పెట్రోల్‌లో ఇథనాల్ పది శాతం అయినప్పటి నుంచి ఖరీదైనా, ఇథనాల్ ఐదు శాతానికి మించని ఇ5 పెట్రోలే పోస్తున్నాను, పాత రబ్బరు గొట్టాలు పాడవుతాయి కనుక. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లిన రోజుల్లో బయటికి తీయను.

నలభై ఏళ్లు దాటింది కాబట్టి రోడ్డు పన్ను లేదు. ఎంఓటీ కూడా 2018 నుంచి తప్పనిసరి కాదు. అయినా నేను ఏటా చేయిస్తున్నాను. సిల్స్ సంగతి నాకు చెప్పింది ఆ పరీక్షే కదా.

చూడటానికి వెళ్లేటప్పుడు మెత్తని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో వేసుకోండి. సిల్స్ వెంబడి జరుపుతూ పోండి, పట్టు వదిలిన చోట లోపల లప్పం ఉన్నట్టు. మీరు వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయవద్దని యజమానికి ముందే ఫోను చేసి చెప్పండి. చల్లటి ఇంజన్ చోక్ లాగి ఎలా అందుకుంటుందో, బాగా వేడెక్కాక పరుగు మీద ఆయిల్ పీడనం చూపే ముల్లు యాభై దాటి నిలుస్తుందో లేదో మీ కళ్లతో చూడాలి. రంగు చివరగా చూడండి.