ఇంటి డీబీలో ఆర్‌సీసీబీ: కొన్నేళ్ళ వాడకం తర్వాత ఒక సమీక్ష

మల్కాజిగిరి వైపు ఉన్న మా రెండంతస్తుల ఇంటికి 2016లో వైరింగ్ మొత్తం మార్పించినప్పుడు, పాత పింగాణీ ఫ్యూజులన్నీ తీసేసి డీబీలో, అంటే ఇంటి స్విచ్చులన్నీ ఉండే పెట్టెలో, ఎంసీబీలు (ఓవర్‌లోడు, షార్ట్ సర్క్యూట్ వస్తే తెగే స్విచ్చులు) పెట్టించాం. వాటికి ముందు ఒక్కో అంతస్తుకు ఒక్కొక్కటి చొప్పున 40 ఆంపియర్లు, 30 మిల్లీ ఆంపియర్ల రెండు పోళ్ళ ఆర్‌సీసీబీలు, అంటే కరెంటు నేలలోకి లీకైతే సప్లై తెంచే స్విచ్చులు, కూడా పెట్టించాం. మాది త్రీ ఫేజు మీటరు. కింది అంతస్తు ఒక ఫేజు మీద, పై అంతస్తు ఇంకో ఫేజు మీద, బోరు మోటరు మూడో ఫేజు మీద నడుస్తాయి. ఈ సమీక్ష ఒక కంపెనీ వస్తువు గురించి కాదు. ఐఎస్ 12640 అనే భారతీయ ప్రమాణానికి తయారైన ఆర్‌సీసీబీ ఎవరిదైనా పనిచేసే సూత్రం ఒకటే కాబట్టి, ఇన్నేళ్ళలో మాకు సుఖమైనా చికాకైనా దాని వెనక ఉన్న వైరింగ్ నుంచే వచ్చింది కాబట్టి, బ్రాండు పేరు రాయడం వల్ల చదివేవారికి ఒరిగేదేమీ లేదు. నా అభిప్రాయం మాత్రం ముందే చెబుతాను. "ఊరికే పడిపోతోంది" (కారణం లేకుండా కరెంటు తెంచేస్తోంది) అని దాన్ని తీయించేసిన ఇళ్ళు మా కాలనీలో కొన్ని ఉన్నాయి. నేను చూసినంతవరకు, ఊరికే పడిపోయిన ఆర్‌సీసీబీ వాటిలో ఒక్కటి కూడా లేదు.

పనితీరు గురించి క్లుప్తంగా చెప్పాలి, లేకపోతే తర్వాతి మాటలు అర్థం కావు. ఫేజు, న్యూట్రల్ తీగలు రెండూ లోపల ఒక అయస్కాంత వలయం గుండా పోతాయి. వెళ్ళిన కరెంటంతా తిరిగి వస్తే వలయంలో అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందులో కొంత మనిషి ఒంటి గుండానో, గీజరు డొక్కు గుండానో నేలలోకి పోతే ఆ తేడా వల్ల వలయం మీది తీగ చుట్టలో పుట్టిన కరెంటు రిలేను విడిపించి లైను తెంచుతుంది. 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉన్నంత మాత్రాన సరిగ్గా ముప్పై దగ్గరే తెగుతుందని అనుకోకూడదు. ప్రమాణం ప్రకారం 15 లోపు తెగకూడదు, 30 వచ్చేసరికి తెగి తీరాలి, ఆ మధ్యలో ఎక్కడ తెగినా అది సవ్యమైన వస్తువే. 30 దగ్గర 300 మిల్లీ సెకన్లలోపు, దానికి అయిదింతల లీకేజీ వస్తే 40 మిల్లీ సెకన్లలోపు తెగాలి. ఇది షాక్‌ను తగ్గించదు, షాక్ తగిలే కాలాన్ని తగ్గిస్తుంది. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లోనూ షాక్ కొడుతుంది, కానీ గుండె లయ తప్పేంతసేపు ఉండదు.

దీన్ని నేను ఎందుకు తప్పనిసరి అంటానో చెప్పాలంటే మన నేల సంగతి చెప్పాలి. ఖాజాగూడలో బయటికి కనిపించే గ్రానైటే నగరంలో చాలాచోట్ల మట్టి కింద కొద్ది అడుగుల లోతులో ఉంటుంది. ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి పైపు దింపినా, చుట్టూ రాయి ఉన్నచోట నిరోధం తగ్గడం కష్టం. ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండిపోతే ఆ తగ్గినది కూడా మళ్ళీ పెరుగుతుంది. మంచి ఎర్తింగే ఉందనుకుని లెక్క వేద్దాం. మన గుంత నిరోధం 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి న్యూట్రల్ ఎర్తు 5 ఓములు. గీజరులో ఫేజు తీగ డొక్కుకు తగిలితే 230 వోల్టుల మీద నేల గుండా పోయే కరెంటు 15 ఆంపియర్ల పైచిలుకు. గీజరుకు పెట్టిన 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడే. 'సి' టైపు ఎంసీబీ తక్షణం తెగాలంటే దాని రేటింగుకు అయిదు నుంచి పదింతలు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు పోవాలి. కాబట్టి ఎంసీబీ కదలదు, గీజరు డొక్కు మీద 150 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి, నల్లా తిప్పే చేతికి అది తెలుస్తుంది. "ఎర్తింగ్ ఉంది కదా, షాక్ ఎందుకు కొడుతుంది" అని అడిగేవారికి ఈ లెక్కే జవాబు. అదే సర్క్యూట్‌కు ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, వేసవిలో గుంత నిరోధం 100 ఓములకు పెరిగినా పోయే కరెంటు రెండు ఆంపియర్లకు పైనే ఉంటుంది, అంటే తెగడానికి కావలసినదానికి డెబ్బై రెట్లు. డొక్కు మీది వోల్టేజీని 50 దాటనివ్వకుండా కాపాడటానికి దానికి 1,600 ఓముల ఎర్తు కూడా చాలు. రాతినేల మీద ఇల్లు కట్టుకున్నవాళ్ళకు ఇంతకంటే చవకైన రక్షణ నాకు కనిపించలేదు. అయితే ఎర్తు అక్కరలేదని దీని అర్థం కాదు. ఎర్తు తీగ అసలే లేకపోతే లీకేజీ పోవడానికి దారి ఉండదు, ఆ దారి మనిషి చెయ్యి పెట్టినప్పుడే మొదలవుతుంది.

ఇక చికాకుల సంగతి. పెట్టించిన మొదటి నెలల్లో సాయంత్రం పై అంతస్తులో దీపం వేస్తే చాలు, ఒక్కోసారి రెండు అంతస్తుల ఆర్‌సీసీబీలూ కలిసి పడిపోయేవి. వచ్చిన ఎలక్ట్రీషియన్ పెద్దగా ఆలోచించలేదు. "దీంతో ఇదే గోల సార్, తీసేసి డైరెక్ట్ ఇచ్చేద్దాం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రెండోసారి పిలిపించిన పెద్దాయన డీబీ మూత తీసి, అన్నిటికంటే ముందు ఇన్వర్టరు తీగలు ఎటు పోతున్నాయో చూశాడు. ఇంటికి ఒకటే ఇన్వర్టరు. దానికి సప్లై కింది అంతస్తు ఆర్‌సీసీబీ తర్వాతి నుంచి వస్తుంది. దాని అవుట్‌పుట్ ఫేజు ఒక్కటే పై అంతస్తు దీపాలకు, ఫ్యాన్లకు వెళ్ళింది. న్యూట్రల్ మాత్రం పై అంతస్తులో అప్పటికే ఉన్న న్యూట్రల్ బారుకు (న్యూట్రల్ తీగలన్నీ కలిసే పట్టీకి) కలిపేశారు. అంటే కరెంటు కింది ఆర్‌సీసీబీ గుండా వెళ్ళి, పై ఆర్‌సీసీబీ గుండా తిరిగి వస్తోంది. కింది దానికి "వెళ్ళింది, రాలేదు", పై దానికి "పంపలేదు, వచ్చింది". రెండిటి దృష్టిలోనూ అది లీకేజే. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కటి తీసుకునే కరెంటే సుమారు 40 మిల్లీ ఆంపియర్లు కాబట్టి, ఒక్క బల్బు చాలు వాటిని పడగొట్టడానికి. ఆర్‌సీసీబీ పడిపోతే ఫేజుతో పాటు న్యూట్రల్ కూడా తెగుతుంది, అప్పుడు బ్యాటరీ నిండుగా ఉన్నా దీపాలు వెలగవు.

ఇన్వర్టరు లైను ఉన్న ప్రతి గదికీ విడిగా న్యూట్రల్ లాగి, దాన్ని ఇన్వర్టరు అవుట్‌పుట్ న్యూట్రల్‌కే కలపడం ఒక్కటే దీనికి సరైన మందు. కన్సీల్డ్ పైపుల్లో కొత్త తీగ దూర్చడానికి రెండుచోట్ల గోడ కొట్టవలసి వచ్చింది. ఖర్చులో ఆర్‌సీసీబీ ధర కంటే ఈ పనిదే ఎక్కువ. ఆ అవుట్‌పుట్‌కు వేరే ఆర్‌సీసీబీ పెట్టించాం. సప్లై వైపు న్యూట్రల్ తెగిపోయినప్పుడు ఇన్వర్టరు అవుట్‌పుట్‌కు నేలతో సంబంధం ఉండదు కాబట్టి ఆ సమయంలో అది కాపాడుతుందని నమ్మడానికి లేదు. ఈ సంగతి ఇన్వర్టరు అమ్మేవాళ్ళు చెప్పగా నేను వినలేదు. కొత్తగా వైరింగ్ చేయించేవారు ఈ ఒక్క న్యూట్రల్ విషయం మొదటే చెప్పి రాయించుకుంటే, తర్వాత వచ్చే తగవుల్లో సగం ఉండవు.

రెండో రకం చికాకు చలికాలంలో వస్తుంది. నెలల తరబడి వాడని గీజరును డిసెంబరులో మొదటిసారి వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతుంది. హీటింగ్ ఎలిమెంటు లోపల తీగకూ బయటి గొట్టానికీ మధ్య ఉండే మెగ్నీషియం ఆక్సైడు పొడి తేమను పీల్చుకుంటుంది. గొట్టం బాగుంటే, ఎలిమెంటు విప్పించి ఆరబెట్టిస్తే అది సర్దుకుంటుంది. మా పై అంతస్తులో సర్దుకోలేదు. బోరు నీటి ఉప్పు గట్టిగా పేరుకుని, గొట్టానికి కంటికి ఆనని చిల్లు పడింది. ఎలిమెంటు మారిస్తే సరిపోయింది. ఆ స్థితిలో ఉన్న గీజరునే ఆర్‌సీసీబీ లేని ఇళ్ళలో "కొంచెం చురుక్కుమంటుంది" అని వాడుకుంటూ ఉంటారు.

మూడోది ఏ ఒక్క వస్తువుదీ కాని లీకేజీ. కంప్యూటరు, వాషింగ్ మెషీన్, ఇన్వర్టరు ఏసీ వంటివాటిలో విద్యుత్ గోలను (నాయిస్‌ను) ఎర్తులోకి వడకట్టే కెపాసిటర్లుంటాయి. ఒక్కోదాని నుంచి పోయేది ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లే అయినా, అంతస్తు మొత్తానికి ఒకే ఆర్‌సీసీబీ ఉంటే అన్నీ కూడుతాయి. తీగను చుట్టి పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటరులో ఫేజు, న్యూట్రల్ రెండిటినీ కలిపి పట్టి చూస్తే ఈ కూడిక తెలుస్తుంది. అది 9 మిల్లీ ఆంపియర్లు, అంటే రేటింగులో మూడో వంతుకు కొంచెం తక్కువ, దాటకుండా చూసుకోవడం మంచిది. మేము తర్వాత ఫ్రిజ్, కంప్యూటర్లు, గీజర్ల సర్క్యూట్‌లను ఆర్‌సీసీబీ కింద నుంచి తీసి విడివిడి ఆర్‌సీబీఓల మీదికి మార్చాం. ఆర్‌సీబీఓ అంటే ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఒకే డబ్బాలో ఉన్నది. ధర ఎంసీబీకి చాలా ఎక్కువ, కానీ గీజరు తప్పుకు ఇల్లంతా చీకటి కాదు.

పడిపోయిన ఆర్‌సీసీబీ అన్ని ఎంసీబీలూ దించినా నిలబడకపోతే చాలామంది అది చెడిపోయిందని తేల్చేస్తారు. మామూలు ఎంసీబీ ఫేజును మాత్రమే తెంచుతుంది. ఏ జంక్షన్ బాక్సులోనో న్యూట్రల్ తీగ తొక్క ఊడి తడి గోడకు తగులుతుంటే, ఎంసీబీలన్నీ దించినా ఆ దారి తెరిచే ఉంటుంది. ఒక వానాకాలం మా ప్రహరీ దీపం దగ్గర జరిగింది ఇదే. న్యూట్రల్ బారు నుంచి ఒక్కో తీగ విప్పుకుంటూ పోతే దొరికింది. మెగ్గరు (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) ఉన్న ఎలక్ట్రీషియన్ దొరికితే పని ఇంకా త్వరగా తేలుతుంది, కాకపోతే మెగ్గరు పెట్టేముందు సర్జ్ ప్రొటెక్టరునూ, ఎలక్ట్రానిక్ వస్తువులనూ విడదీయమని గుర్తు చేయాలి. బోరు మోటరుకు విడిగా ఆర్‌సీబీఓ ఉంది. దింపిన కేబుల్ జాయింటులోకి నీళ్ళు పోయి ఇన్సులేషన్ నిరోధం 10 కిలో ఓముల దగ్గరికి పడిపోతే లీకేజీ 23 మిల్లీ ఆంపియర్లు. మోటరు హాయిగా తిరుగుతూనే ఉంటుంది, ఆర్‌సీబీఓ మాత్రం పడిపోవచ్చు. మోటరు తిరుగుతోంది కాబట్టి తప్పు ఆర్‌సీబీఓదే అనే వాదన అప్పుడే మొదలవుతుంది.

ఇది చేయలేని పనులూ ఉన్నాయి. 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ 40 దగ్గర తెగుతుందనేది మెకానిక్కుల్లో కూడా ఉన్న అపోహ. అది మోయగలిగే కరెంటు మాత్రమే. ఓవర్‌లోడు, షార్ట్ సర్క్యూట్ చూసుకోవడానికి ఎంసీబీ ఉండాల్సిందే. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాడు దాని దృష్టిలో ఒక బల్బు. వదులైన స్క్రూ దగ్గర వేడెక్కి నల్లబడే టెర్మినల్‌ను అది గుర్తించలేదు, అందుకే ఏటా ఒకసారి మెయిన్ దించి డీబీలో స్క్రూలన్నీ బిగించమంటాను.

న్యూట్రల్ తెగితే అది చేయగలిగేదీ ఏమీ లేదు. ఒక గాలివాన రాత్రి స్తంభం దగ్గర మా న్యూట్రల్ జాయింటు వదిలింది. అప్పుడు రెండు అంతస్తులూ రెండు ఫేజుల మధ్య, 400 వోల్టుల మీద, వరుసగా కలిసినట్లు అవుతాయి. కింద 3 కిలోవాట్లు, పైన 1 కిలోవాటు నడుస్తుంటే పైకి 300, కిందికి 100 వోల్టులు వస్తాయి. పైన టీవీ, రౌటరు అడాప్టరు పోయాయి. ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ కదల్లేదు, కదలవలసిన పని వాటికి లేదు. సర్జ్ ప్రొటెక్టరు కూడా మైక్రోసెకన్ల పిడుగుపాటు వోల్టేజీకే గాని, నిమిషాల తరబడి నిలిచే అధిక వోల్టేజీకి కాదు. దీనికి వోల్టేజీ హద్దు దాటగానే తెంచే రిలే వేరే ఉంటుంది. ఆ తర్వాత అదీ పెట్టించాం.

ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కుతున్నాను. ఏళ్ళ తరబడి కదలని యంత్రాంగం అవసరానికి బిగుసుకుపోవచ్చు. కానీ ఆ బటన్ లోపలి నిరోధకం ద్వారా తానే ఒక కృత్రిమ లీకేజీ సృష్టిస్తుంది. ఎర్తు తీగే లేని ఇంట్లో కూడా అది టక్కున పడిపోతుంది కాబట్టి, అది ఎర్తింగుకు పరీక్ష అనుకోకూడదు. కింది అంతస్తుది ఒకసారి బటన్‌కు పడలేదు, దాన్ని ఆ వారమే మార్చాం.

కొనేటప్పుడు ట్రూప్ బజార్‌లో అయినా ఇంకెక్కడైనా అడగకపోతే 'ఎసి' టైపే చేతిలో పెడతారు. ఇన్వర్టరు ఏసీలు, కొత్త వాషింగ్ మెషీన్లు ఉన్న ఇంటికి, సగం తరంగాలుగా కొట్టుకునే డీసీ లీకేజీని కూడా గుర్తించే 'ఎ' టైపు అడగాలి. ముందువైపు గుర్తులో సైన్ తరంగం ఒక్కటే ఉంటే అది 'ఎసి', దాని కింద సగం తరంగాలు కూడా ఉంటే 'ఎ'. ఐఎస్ఐ గుర్తు, బిల్లు తప్పనిసరి. మీటరు దగ్గర ఇంకొకటి పెట్టాలనుకుంటే అది కూడా 30 మిల్లీ ఆంపియర్లది కొనకండి, రెండిటిలో ఏది ముందు పడుతుందో చెప్పలేం. అక్కడ ఆలస్యంగా తెగే 'ఎస్' టైపు, 300 మిల్లీ ఆంపియర్లది ఉంటే, లోపలి తప్పుకు లోపలిదే పడుతుంది.