చెరువు నీళ్ల పరీక్ష: 300 రూపాయలకు ఏం దక్కింది, ఏం దక్కలేదు

పర్లాకిమిడి నుంచి సరిహద్దు దాటి శ్రీకాకుళం జిల్లాలోకి వెళ్లాక రోడ్డు మీదే ఉంటుంది ఈ ఆక్వా ల్యాబ్. కింద మేత, మందుల దుకాణం. మేడ మీద పరీక్షలు. మా గజపతి జిల్లా వైపు చెరువులు లీజుకు పట్టినవాళ్లలో చాలామంది సీసాలు పట్టుకుని అక్కడికే వెళ్తారు. పేరు రాయను, వెళ్లేవాళ్లకు ఎలాగూ తెలుసు.

నేను రిటైరైన సైన్సు మాస్టర్ని. ఇంకొకాయనతో కలిసి ఊరచెరువు లీజుకు తీసుకుని బొచ్చె, శీలావతి వేశాం. మే నెలాఖరుకి నీళ్లు ముదురు పచ్చగా తిరిగాయి. మధ్యాహ్నం గాలివాటుకి ఒడ్డున తెట్టు కట్టేది. తెల్లారగట్ల చేపలు నోళ్లు పైకి పెట్టి గుటకలు వేసేవి. చెయ్యి మోచేతి దాకా ముంచితే మణికట్టు కూడా కనిపించేది కాదు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, రాగి మందు) చల్లేస్తే రెండ్రోజుల్లో తేటపడుతుందని మా భాగస్వామి పట్టు. సరే, కొనేముందు నీళ్లు చూపిద్దామని నేను బయల్దేరాను.

అక్కడి కుర్రాడు పనిమంతుడు. ముందు ఒక చుక్క సూక్ష్మదర్శిని కింద పెట్టి నన్నే చూడమన్నాడు. ఉడికిన సగ్గుబియ్యం ముద్దకట్టినట్టు గుంపులు గుంపులుగా చిన్న చుక్కలు. మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచు. ఒంట్లో గాలి తిత్తులు ఉండటం వల్ల పైకి తేలి ఎండంతా అదే తినేస్తుంది, కింద నాచుకి వెలుతురు దక్కనివ్వదు. తర్వాత ఫ్లాస్కులో నీళ్లు పోసి, మిథైల్ ఆరెంజ్ వేసి, బ్యూరెట్ నుంచి ఆమ్లం చుక్కలుగా వదిలాడు. నేను బడిలో పిల్లలకి చూపించిన పరీక్షే. పసుపు రంగు నారింజకి తిరగడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆల్కలినిటీ, అంటే నీళ్ల క్షారత, 40 పీపీఎం. కొండల మీంచి దిగిన వాననీళ్లు కదా, సున్నం తక్కువే.

"మాస్టారూ, మైలుతుత్తం మాత్రం వద్దండి. 50 కంటే తక్కువున్న నీళ్లలో నాచు కంటే ముందు చేపలే పోతాయి" అన్నాడు. కింద కొట్లో మైలుతుత్తం బస్తాలు పెట్టుకుని పైన వద్దని చెప్పడం, ఈ ఒక్కటి చాలు నాకు. నీళ్లలో క్షారత లేకపోతే రాగి విషం నేరుగా మొప్పలకి తగులుతుంది. ఉన్నా సరే, నాచంతా ఒక్కసారి చచ్చి కుళ్లితే ఉన్న ఆక్సిజన్ దానికే సరిపోతుంది.

మేత సంగతి బాగా తవ్వాడు. తవుడు, తెలగపిండి సంచులు ఎన్ని కడుతున్నారు, సాయంత్రానికి ఎంత మిగులుతోంది, పేడ ఎప్పుడు వేశారు, గట్టు మీద కోళ్ల ఎరువు కుప్పలున్నాయా. చేప తిన్న మేతలో భాస్వరం, నత్రజని పావు నుంచి మూడో వంతు దాకానే ఒంటికి పడతాయి, మిగతాది నీళ్లలోకే పోతుంది. భాస్వరం దగ్గరే కీలకమంతా. 1973లో కెనడాలో ఒక చెరువుని అడ్డంగా తెరకట్టి, రెండు వైపులా కార్బన్, నత్రజని వేసి, ఒక పక్కకి మాత్రం భాస్వరం కలిపారు. ఆ పక్కే పచ్చబడింది. ఈ ముచ్చట కుర్రాడికి చెబితే, "మరి మీ కోళ్ల ఎరువు సంగతేటి?" అన్నాడు. ఉత్త ప్రశ్న కాదది. వానకి ఆ కుప్పలు కరిగి మా చెరువులోకే దిగుతున్నాయి.

పేడ పూర్తిగా ఆపమన్నాడు, మేత సగానికి తగ్గించమన్నాడు. నీళ్లు కాస్త తేరుకున్నాక డోలమైట్ (ఒక రకం సున్నపురాయి పొడి) వేసి ఆల్కలినిటీ పెంచమన్నాడు. ఘాటు సున్నం వద్దన్నాడు, నాచున్న నీళ్లకి మధ్యాహ్నమే పీహెచ్ ఎక్కి ఉంటుంది, అది ఇంకా ఎక్కితే అమ్మోనియా విషమవుతుంది. రాత్రి రెండు దాటాక పొద్దెక్కే దాకా ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) ఆడించమన్నాడు. మేం కుప్పలు ఎత్తించి, అద్దె ఏరేటర్లు దింపాం. గుటకలు ముందు తగ్గాయి. రంగు మాత్రం వానలు బాగా పడి కొత్తనీరు చేరాకే పలచబడింది.

ఇక కోపం తెప్పించింది రిపోర్టు. అందులో డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, 6.8 అని ప్రింటై ఉంది! ఆక్సిజన్ గట్టు మీదే మీటరు ముంచి చూడాలి, లేదా అక్కడే రసాయనం కలిపి పట్టెయ్యాలి. బస్సులో గంటన్నర కుదుపులు తిన్న సీసాలో నీళ్లకి ఆ అంకె దేనికి? పొద్దున్నే చేపలు గుటకలు వేస్తున్న చెరువది. దాన్ని నమ్మి ఏరేటర్లు ఆపేసేవాడుంటే ఏం కావాలి? అడిగితే, "ఫార్మాట్‌లో ఉంది సార్" అన్నారు కౌంటర్లో. పీహెచ్ కూడా అంతే, శాంపిల్ ఎన్నింటికి పట్టారని అడిగిన పాపాన పోలేదు. పొద్దున్న 7.5 ఉన్న నీళ్లు మూడింటికి 9 దాటొచ్చు.

ఆపైన ఓ ప్రోబయోటిక్ డబ్బా అంటగట్టబోయారు. అందులో ఏ బాక్టీరియా ఉందో, గ్రాముకి ఎంతుందో డబ్బా మీద లేదు. వద్దంటే మొహం మాడ్చుకున్నారు.

పైన కుర్రాడికి అయిదు స్టార్లు, కింద కౌంటరుకి రెండు. కలిపి మూడున్నర అనుకోండి. రిపోర్టు ఇంగ్లీషులోనే ఇస్తారు, ఒడియా ముక్క తప్ప రాని మా భాగస్వామికి నేనే చదివి చెప్పాల్సొచ్చింది. వెళ్లేవాళ్లు సీసాని నీళ్లలోనే ముంచి, గాలి లేకుండా నిండా పట్టి, అక్కడే మూత బిగించండి. పట్టిన టైము పెన్నుతో రాసి, తడిగుడ్డ చుట్టి తీసుకెళ్లండి. ఆ కుర్రాడు మధ్యాహ్నం ఒంటిగంట దాకానే ఉంటాడు.