మెక్సికో సిటీ నుంచి వహాకాకు: పగటి బస్సులో ఏడు గంటలు

"రాత్రి బస్సెక్కితే ఒకరోజు హోటల్ ఖర్చు మిగులుతుంది కదా" అంది మా ఆవిడ. లెక్క సరైనదే. కానీ దక్షిణాన ఉన్న వహాకా నగరం దాకా ఆ 460 కిలోమీటర్లూ నిద్రలో దాటేస్తే మెక్సికోలో ఇక చూసేదేముంది? పట్టుబట్టి పగటి బస్సుకే టికెట్లు తీశాను.

బస్సు తాపో టెర్మినల్ నుంచి బయలుదేరుతుంది. పక్కనే సాన్ లాసరో మెట్రో స్టేషన్ ఉంది కాబట్టి ట్యాక్సీ అక్కర్లేదు. ఫస్ట్ క్లాస్‌లో సీటు నంబరు మనమే ఎంచుకోవచ్చు. కుడివైపు కిటికీ తీసుకోండి. ప్యూబ్లా వెళ్లే దారిలో పోపోకతేపెత్ల్ అగ్నిపర్వతం ఆ వైపే కనిపిస్తుంది. 5,400 మీటర్ల పైచిలుకు ఎత్తు. మేం వెళ్లిన రోజు శిఖరం మీద పొగ సన్నగా లేస్తోంది.

పుష్‌బ్యాక్ సీట్లు, టాయిలెట్ బాగానే ఉన్నాయి. ఏసీ మాత్రం వణికించేసింది, శాలువా తప్పనిసరి. పైగా స్పానిష్ డబ్బింగ్ సినిమాల హోరు. మన పాత వీడియో కోచ్‌లు గుర్తొచ్చాయి.

అసలు దృశ్యం తెవాకాన్ పట్టణం దాటాక మొదలైంది. కొండవాలు నిండా తాటితోపులా నిటారుగా నిలబడ్డ కాక్టస్‌లు, వేలకు వేలు. ఒక మలుపు తిరిగితే లోయ, ఇంకో మలుపు తిరిగితే మళ్లీ అవే. ఈ తెవాకాన్-క్వికాత్లాన్ ప్రాంతాన్ని యునెస్కో 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి గుహల్లో వేల ఏళ్లనాటి మొక్కజొన్న కంకులు దొరికాయి. మన చేలో పండే మొక్కజొన్న పుట్టిల్లు ఈ దేశమే మరి. సినిమాని తిట్టుకుంటున్న మా ఆవిడ కూడా ఇక్కడ కిటికీకి అతుక్కుపోయింది. ఘాట్ మలుపులు చాలానే ఉన్నాయి, కడుపులో తిప్పేవాళ్లు ముందే మాత్ర వేసుకోవాలి.

వహాకాలో హలత్లాకో పేటలో గది తీసుకున్నాం. బస్టాండు నుంచి నడిచే దూరం. రాళ్లు పరిచిన వీధులు, రంగురంగుల గోడలు. సూట్‌కేసు చక్రాలకు మాత్రం ఆ రాళ్లు నరకం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. రాత్రి ఒంటిగంట దాకా వీధిలో బాజాలు మోగాయి, అదొక్కటే ఇబ్బంది. తాగడానికి సీసా నీళ్లే వాడండి.

శాకాహారులకు ఒక మాట. త్లయూదా అని ఇక్కడ పెద్ద అప్పడంలాంటి మొక్కజొన్న రొట్టె దొరుకుతుంది. "మాంసం వద్దు" అంటే చాలదు, దానికి ముందే పంది కొవ్వు రాస్తారు. "సిన్ అసియెంతో" (ఆ కొవ్వు లేకుండా) అని విడిగా చెప్పాలి. మేం మొదటిరోజు చెప్పలేదు. మా ఆవిడ సగం తిన్నాక తెలిసింది. ఆ పూట నాతో మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణానికి టికెట్లు తనే బుక్ చేసింది. పగటి బస్సే, ఈసారి ఎడమవైపు కిటికీ.