ఓనర్లకు వేరు, అద్దెకుండేవాళ్లకు వేరు: మెంబర్స్ ప్లగిన్‌తో కొన్నేళ్లు

మా అపార్ట్‌మెంట్ సంఘం వెబ్‌సైటు వర్డ్‌ప్రెస్ అనే వెబ్‌సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. కొన్నేళ్లుగా దాన్ని చూసుకుంటున్నది నేనే. బయటివాళ్లకు చిరునామా, కమ్యూనిటీ హాలు వివరాలు ఉంటే చాలు. అద్దెకుండేవాళ్లకు ట్యాంకర్ ఎప్పుడొస్తుందో, లిఫ్టు రిపేరు ఏ రోజో తెలియాలి. కార్పస్ ఫండ్ (సంఘం మూలనిధి) లెక్కలు, జనరల్ బాడీ మీటింగ్ మినిట్స్ ఓనర్లు చూడాల్సినవి. కాంట్రాక్టర్ల కొటేషన్లు మాత్రం ఖరారయ్యేదాకా కమిటీ దాటకూడదు.

వర్డ్‌ప్రెస్‌తో వచ్చే అయిదు రోల్స్ (యూజర్లకు ఇచ్చే హోదాలు), అంటే అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కాంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్, ప్రధానంగా ఎవరు రాయాలి, ఎవరు దిద్దాలి అన్నదాని కోసం పెట్టినవి. ఎవరు ఏం చదవాలన్న మా అవసరానికి అవి సరిపోలేదు. అందుకే మెంబర్స్ అనే ఉచిత ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) పెట్టాం. ఓనర్, టెనెంట్, కమిటీ అని మూడు కొత్త రోల్స్ తయారుచేశాం.

పని చాలా తేలిక. పోస్టు రాసే పేజీలోనే కంటెంట్ పర్మిషన్స్ అని ఒక పెట్టె ఉంటుంది. ఎవరికి కనిపించాలో ఆ రోల్ పక్కన టిక్ పెట్టాలి. ఏదీ టిక్ చేయకపోతే అందరికీ కనిపిస్తుంది. టిక్ పెడితే మిగతావాళ్లకు పోస్టు బదులు మనం రాసుకున్న సందేశం వస్తుంది. మేం "ఇది ఓనర్లకు మాత్రమే, లాగిన్ అవ్వండి" అని పెట్టాం. పేజీలో ఒక్క పేరానే దాచాలంటే షార్ట్‌కోడ్ ఉంది, అంటే ఆ పేరాకు ముందూ వెనకా బ్రాకెట్లలో రాసే చిన్న గుర్తు. లిఫ్టు నోటీసు అందరికీ ఒకటే, దాని కింద ఖర్చు వివరం ఓనర్లకు మాత్రమే.

నాకు బాగా నచ్చింది ఒకే మనిషికి రెండు మూడు రోల్స్ ఇవ్వగలగడం. వర్డ్‌ప్రెస్ మామూలు యూజర్ పేజీలో ఒక్కటే ఇవ్వగలం. కమిటీలో ఉన్నాయన ఓనర్ కూడా కదా! పదవీకాలం అయిపోయాక కమిటీ టిక్ తీసేస్తే సరి, ఓనర్‌గా చూడాల్సినవి అలాగే ఉంటాయి.

ఇక జాగ్రత్తల సంగతి. అడ్మిన్‌కు ఎప్పుడూ అన్నీ కనిపిస్తాయి కాబట్టి మీ లాగిన్‌తో చూసి అంతా బాగుందనుకుంటే లాభం లేదు. యూజర్ స్విచింగ్ అనే ఇంకో ప్లగిన్ ఉంది, ఒక్క క్లిక్కుతో టెనెంట్ కళ్లతో సైటు చూడొచ్చు. ఏ పోస్టుకైనా తాళం వేశాక నేను ముందు చేసేది అదే.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఫైళ్ల సంగతి. పోస్టుకు తాళం వేసినంత మాత్రాన అందులో పెట్టిన పీడీఎఫ్‌కు తాళం పడదు. అది అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో విడిగా ఉంటుంది, లింకు దొరికితే లాగిన్ లేకుండానే తెరుచుకుంటుంది. మా బకాయిల జాబితా లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది, ఫ్లాటు నంబర్లతో సహా. పాపం, అందులో ఉన్నవాళ్లలో ఒక కుటుంబం ఆసుపత్రి ఖర్చుల వల్ల కట్టలేకపోయింది. అప్పటినుంచి లెక్కలను పీడీఎఫ్‌గా కాకుండా పేజీలోనే పట్టికగా రాస్తున్నాం.

రెండోది క్యాషింగ్, అంటే ఒకసారి తెరిచిన పేజీ కాపీని సర్వర్ దాచుకుని తర్వాతివాళ్లకు అదే చూపించడం. ఒకసారి హోస్టింగ్ వాళ్లు (సైటును తమ సర్వర్‌లో ఉంచే కంపెనీ) సైటు వేగం పెంచుతామని సర్వర్‌లో క్యాష్ ఆన్ చేశారు. ఓనర్ తెరిచిన పేజీ కాపీ దాచుకుని, తర్వాత వచ్చిన బయటివాళ్లకూ అదే చూపించింది. లాగిన్ అయిన యూజర్లను క్యాష్ నుంచి మినహాయించమని ముందే చెప్పాలి. వాళ్లు చేశామన్నాక మనం కూడా ఇంకో బ్రౌజర్‌లో తెరిచి చూసుకోవాలి.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. ప్లగిన్ డీయాక్టివేట్ చేస్తే, అంటే ఆపేస్తే, మనం తయారుచేసిన రోల్స్ డేటాబేసులో అలాగే ఉంటాయి, కానీ టిక్కులతో వేసిన తాళాలన్నీ ఊడిపోతాయి. ఏదో ఎర్రర్ వచ్చిందని ప్లగిన్లన్నీ ఆపి చూసే ఆ పది నిమిషాలూ మినిట్స్, కొటేషన్లు అన్నీ లోకానికి తెరిచి పెట్టినట్టే. టెన్షన్ అక్కడే! అందుకే బాగా గోప్యమైన వాటికి నేను వేరే దారి పట్టాను. ఆ పేజీలను వర్డ్‌ప్రెస్‌లోనే ఉన్న ప్రైవేట్ స్థితిలో పెట్టి, వాటిని చదివే అనుమతిని మెంబర్స్‌లోనే కమిటీ రోల్‌కు ఇచ్చాను. ఆ అనుమతి డేటాబేసులో ఉంటుంది, కాపలా కాసేది వర్డ్‌ప్రెస్ కాబట్టి ప్లగిన్ ఆగినా తాళం ఊడదు. పైగా మామూలు తాళమైతే శీర్షిక జాబితాలో కనిపిస్తూనే ఉంటుంది, ప్రైవేట్ పేజీకి శీర్షిక కూడా బయటివాళ్లకు కనబడదు. ఒక్క లోటేమిటంటే ప్రైవేట్ పేజీలన్నిటికీ అనుమతి ఒక్కటే. అందుకని ఓనర్ల పేజీలకు టిక్కులు, కమిటీ పేజీలకు ప్రైవేట్ అని విడదీసుకున్నాం.

అపార్ట్‌మెంట్ సంఘానికి, చిన్న స్కూలుకు, పూర్వ విద్యార్థుల సంఘానికి ఈ ప్లగిన్ ధైర్యంగా పెట్టుకోమంటాను. ఆధార్ కాపీలు, బ్యాంకు వివరాలు లాంటివి మాత్రం ఏ రోల్ వెనకా పెట్టొద్దు. మా సైటులో అవి అసలు ఎక్కించం, ఆఫీసు గదిలో బీరువాలోనే ఉంటాయి.