పాత జపాన్ పడకగది సామాన్ల వెంట మూడు రోజులు

ఇది పిల్లల్ని వెంటేసుకుని వెళ్లే ట్రిప్ కాదు, ముందే చెప్తున్నా. ఎడో కాలంలో (1603–1868) గేదె కొమ్ముతో, తాబేలు డిప్పతో, చెక్కతో పురుషాంగం ఆకారంలో హరిగాతాలు అనే శృంగార సాధనాలు చేసేవాళ్లని చదివి, టోక్యో వెళ్లినప్పుడు మా ఆయనా నేనూ మూడు రోజులు వీటికే పెట్టుకున్నాం.

ఇవి అమ్మడంలో పేరు మోసిన కొట్టు యోత్సుమేయా. వచ్చినవాళ్ల మొహాలు కనపడకుండా లోపల కావాలనే చీకటిగా ఉంచేవాళ్లట. మేం ర్యోగోకు స్టేషన్‌లో దిగి తప్పు చేశాం, కొట్టు ఉండిన యాగెన్‌బోరి అనే పేట నదికి అవతల, ఇప్పటి హిగాషి నిహోన్‌బాషిలో ఉంది. చూడ్డానికి ఏమీ మిగల్లేదు. 1872లో, ఎడో పాలన పోయాక వచ్చిన మెయిజీ ప్రభుత్వం టోక్యోలో శృంగార చిత్రాలతో పాటు ఈ సామాన్ల అమ్మకాన్నీ నిషేధించింది మరి.

మర్నాడు అతామి అనే ఊరు. అక్కడ కొండ మీది హిహోకాన్‌కి, అంటే శృంగార మ్యూజియంకి, రోప్‌వేలో మూడు నిమిషాలే, 18 దాటినవాళ్లకే ప్రవేశం. మైనపు బొమ్మలు, బటన్ నొక్కితే ఆడే ఆటలు, నవ్వుకోడానికి బాగానే ఉంది కానీ చరిత్ర కోసమైతే అంత దూరం వద్దు. మేం దిగిన సత్రంలో వేడినీటి స్నానం అద్భుతం, భోజనం మాత్రం శాకాహారమని ముందే రాసినా సూపులో చేపల రసమే!

నాకు బాగా నచ్చిన కథ హిగో జుయికి అనే ఇంకో పడకగది సాధనానిది. చేమ జాతి మొక్క కాడని ఎండబెట్టి అల్లుతారు, తడిపితే కాస్త దురద, వెచ్చదనం, దాని పనితనమంతా అదే (కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనం అనుకుంటూ ఉంటే వాళ్లు దురదనే సరుకు చేశారు). కుమమోతో ప్రాంతాన్ని ఏలిన హొసోకావా వంశం దీన్ని షోగన్‌కి, అంటే అప్పటి సైనిక పాలకుడికి, కానుకగా పంపేదని చెప్తారు. తమాషా ఏంటంటే, 2015లో టోక్యోలో షుంగా, అంటే ఆ శృంగార చిత్రాల ప్రదర్శన పెట్టడానికి వేరే మ్యూజియంలు వెనకాడితే, ఒప్పుకున్నది ఆ వంశం వాళ్ల ఎయిసెయ్ బున్కో మ్యూజియమే.

మూడు చోట్లలో నా ఓటు కావాసాకిలోని కనయామ గుడికి. పూర్వం అక్కడి పూటకూళ్ల ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు సుఖరోగాలు రాకూడదని మొక్కుకునేవాళ్లు. ఏప్రిల్ మొదటి ఆదివారం కనమరా పండగ, లింగాల ఊరేగింపు, విపరీతమైన జనం. మేం మామూలు రోజు వెళ్లాం, టికెట్ లేదు, తోపులాట లేదు. కమ్మరి దాగలి పక్కన నల్లటి ఇనుప లింగం, దాని ముందు చేతులు జోడించి నిలబడ్డ ఒక ముసలావిడ. మా ఆయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.