రాయగడ లాడ్జిలో పచ్చ కందిరీగ

మజ్జి గౌరమ్మ దర్శనానికి నేనూ మా బావమరిదీ విజయనగరంలో రైలెక్కి రాయగడ వెళ్లాం. ఒడియా రాకపోయినా ఇబ్బంది లేదు. గుడి దగ్గర కొబ్బరికాయల దుకాణాల్లోనూ ఆటోవాళ్లతోనూ తెలుగుతోనే పని జరిగిపోయింది. నాగావళిలో ఏనుగుల్లాంటి బండలుండే హాతీపథర్‌కు మాత్రం ఎండెక్కక ముందే వెళ్లండి. ఆటో బేరం రానూపోనూ కలిపి మాట్లాడుకోండి.

లాడ్జి స్టేషన్ దగ్గర్లోనే, అద్దె 800. దుప్పట్లు శుభ్రం, మంచం గట్టిది. వేడినీళ్లు మాత్రం అడిగిన గంటకు వచ్చాయి. బాత్రూంలో బొద్దింకలు. గది మార్చమని అడగబోతుంటే లోపల్నుంచి బావమరిది కేక: "బావా, ఇలా రా! ఈగ బొద్దింకను తోలుకుపోతోంది!"

నిజమే. రెండు సెంటీమీటర్లుండే కందిరీగ, నీలం కలిసిన పచ్చ రంగులో నిగనిగలాడుతోంది. బొద్దింక మీసాన్ని నోట కరిచి వెనక్కి నడుస్తుంటే, ముక్కుతాడు వేసిన ఎద్దులా అది వెంట వస్తోంది. మీసాలు రెండూ సగానికి తెగి ఉన్నాయి. పైపు పక్క గోడ కన్నంలోకి రెండూ దూరాయి. కాసేపటికి కందిరీగ ఒక్కటే బయటికొచ్చి, రాలిన సిమెంటు పెళ్లలు ఒక్కొక్కటే తెచ్చి కన్నం మూసేసింది.

ఫొటో పెద్దది చేసి చూశాం. మొదట కుకూ వాస్ప్ అనుకున్నాను, అదీ ఇలాగే పచ్చగా మెరుస్తుంది. కానీ అది బొద్దింకల జోలికి పోదు. పైగా దీని మధ్య కాళ్ల తొడలూ వెనక కాళ్ల తొడలూ ఎర్రగా ఉన్నాయి. దాంతో తేలిపోయింది: జ్యువెల్ వాస్ప్, శాస్త్రీయంగా ఆంపులెక్స్ కంప్రెస్సా. మొదటి కాటు రొమ్ము భాగంలో వేస్తే ముందు కాళ్లు కాసేపు పడిపోతాయి. రెండోది గురి చూసి తలలోని నాడీకేంద్రంలో వేస్తుంది. ఆ తర్వాత బొద్దింకకు నడిచే శక్తి ఉంటుంది గానీ తనంతట తాను కదలాలన్న బుద్ధి పుట్టదు. దాని కాలి మీద గుడ్డు పెడుతుంది, అందులోంచి వచ్చిన పిల్ల బొద్దింకను బతికుండగానే తినేస్తుంది. మనవాళ్ల భ్రమర కీటక న్యాయంలో పురుగే భ్రమరం అవుతుంది, ఇక్కడ పాపం పురుగు మేత అవుతోంది. 1941లో బొద్దింకల మీదికని దీన్ని హవాయికి తీసుకెళ్లి వదిలారు కూడా, పెద్దగా ఫలితం లేకపోయింది.

మర్నాడు లాడ్జి కుర్రాడు స్ప్రే డబ్బాతో వచ్చాడు. "బాత్రూంలో మందు కొట్టమంటారా సార్?"

"ఆ పైపు పక్కన మాత్రం వద్దు బాబూ," అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, పక్క గదికి వెళ్లిపోయాడు.