టర్కీ మేజోళ్ళు: వేళ్ళ నుంచి అల్లాలా, పైనుంచి అల్లాలా?

టర్కీ రంగుల మేజోళ్ళు అల్లాలని ఊలు ముందేసుకుని కూర్చోగానే తేల్చుకోవాల్సింది ఎక్కడ మొదలుపెట్టాలన్నది. టర్కీలోని అనటోలియా ప్రాంతపు పల్లెల్లో ఆడవాళ్ళు కాలి వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి అల్లుకుపోతారు. పెళ్ళికూతురు అత్తవారింటికి తీసుకెళ్ళే సామానులోనూ ఇలాంటి జతలే ఉండేవి. పైఅంచు నుంచి వేళ్ళ దాకా దిగే పద్ధతి ఐరోపాలో బాగా వాడుక.

మొదలుపెట్టడంలో మాత్రం నా ఓటు టర్కీకే. రెండు సూదులు జంటగా పట్టుకుని, వాటి చుట్టూ దారాన్ని 8 చుట్లు చుడతారు. ఒక సూది మీదివి అల్లి, తిప్పి, రెండో సూది మీదివి అల్లితే 16 కుట్లు సిద్ధం. ముడి ఉండదు, వేళ్ళకు ఒరుసుకునే అంచూ ఉండదు. అక్కడి నుంచి రెండు పక్కలా కుట్లు పెంచుకుంటూ, కాలికి తొడిగి చూసుకుంటూ పోవచ్చు. ఊలు ఎంత మిగిలితే పైన అంత పొడుగు. పైనుంచి దిగేవాళ్ళు చివర్లో వేళ్ళ మూతిని సూదితో కలిపి కుట్టాలి. చాలామందికి అక్కడే టెన్షన్.

అసలు పేచీ మడమ దగ్గర. టర్కీ తరహాలో 64 కుట్లుంటే, మడమ రావాల్సిన చోట 32 కుట్లను వేరే రంగు దారంతో అల్లి, డిజైన్ ఆపకుండా పైకి వెళ్ళిపోవచ్చు. అంతా అయ్యాక ఆ దారం లాగేస్తే అక్కడ నోరు తెరుచుకుంటుంది. బయటపడ్డ కుట్లను సూదులకెక్కించి, వేళ్ళ కొసను పెంచిన తీరునే తిరగేసి తగ్గిస్తూ మూసేయాలి. రెండు మూలల్లో ఒకటి రెండు కుట్లు అదనంగా ఎత్తుకోకపోతే చిల్లులు పడతాయి, జాగ్రత్త. పాదం మీది పొట్టేలు కొమ్ము నమూనా ఎక్కడా తెగదు. మడమ అరిగితే అంతవరకే విప్పి కొత్తది అల్లుకోవచ్చు.

మరి ఐరోపా మడమను ఎందుకు ఎంచుకుంటారు? పాదానికి బాగా కుదురుతుంది కాబట్టి. రెండు రంగుల అల్లికలో వెనక దారాలు అడ్డంగా పరుచుకుని ఉంటాయి, గుడ్డ పెద్దగా సాగదు. పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవాళ్ళకు టర్కీ మడమ బిగుతు, తొడగడానికే తంటా. ఐరోపా మడమలో పక్కల వచ్చే త్రికోణపు పట్టీ ఆ చోటు ఇస్తుంది. కానీ ఆ మడమ పలకను అటూ ఇటూ తిరుగుతూ అల్లాలి. రెండు రంగులతో ఉల్టా వరస, అంటే గుడ్డ వెనక వైపు నుంచి అల్లే వరస, అల్లడమంటే నాకైతే విసుగు. అందుకే టర్కీ మడమకే సగం కుట్లు కాకుండా ఇంకో నాలుగు కలిపి, 36 తీసుకుంటే లోతు పెరిగి చాలావరకు సరిపోతుంది. అప్పటికీ బిగుతైతే ఐరోపా దారి పట్టండి.

దారం పట్టే తీరులో పోటీ లేదు, ఎవరి అలవాటు వాళ్ళది. టర్కీవాళ్ళు దారాన్ని మెడ చుట్టూ వేసుకుని, ఉల్టా వైపు తమకేసి పెట్టుకుని, బొటనవేలితో దారం వేస్తారు. వెనక దారాలు కళ్ళ ముందే ఉంటాయి కాబట్టి ఏది బిగిసిందో వెంటనే తెలుస్తుంది.

ఇక ఊలు సంగతి. యాక్రిలిక్‌తో నేర్చుకోవచ్చు, కానీ జారుతుంది, పాదానికి చెమట పట్టిస్తుంది. కాస్త గరుకుగా ఉండే గొర్రె ఊలైతే పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.